ఊపిరి చెప్పని అలసట

ఏటా చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం దారి తెరుస్తారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి భాగం కాబట్టి మిగతా రోజుల్లో అటు పోనివ్వరు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద ఫరహాబాద్ దగ్గర అడవిలోకి మళ్లి, బండి పోయినంత దూరం బండి మీద పోయి, అక్కడి నుంచి సుమారు ఐదు కిలోమీటర్లు కాలినడకన లోతైన లొద్దిలోకి దిగాలి. లింగాల వైపు నుంచి వచ్చేవాళ్లకు నడక ఇంకా ఎక్కువ. అడుగున గుండం, అందులోకి పైనుంచి దుమికే నీళ్లు, గుహలో లింగమయ్య, పూజ చేసే చెంచులు. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ జనం దిగుతారు, "పోయొస్తాం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. ఆ రెండు కేకలకూ తేడా ఉంటుంది. దిగేవాళ్ల గొంతు లొద్ది మారుమోగేటట్టు పలుకుతుంది. ఎక్కేవాళ్ల గొంతు మధ్యమధ్య తెగిపోతుంది, సగం మాట నోట్లోనే ఆగిపోతుంది. దాన్ని పట్టుకొని ఎక్కుడే కష్టం, దిగుడు సులువు అని అందరం తీర్మానం చేసుకుంటాం. ఊపిరి సంగతి వరకు అది నిజమే. కాళ్ల సంగతి వేరు. గుట్టల మీద, అడవి దారుల్లో మనుషులు జారిపడేదీ, మడమ మెలిపడేదీ, ఎముక విరిగేదీ ఎక్కువగా దిగేటప్పుడే. అందుకు తొందరనూ అజాగ్రత్తనూ తప్పు పట్టి ఊరుకుంటే సరిపోదు. దిగుడులో కాళ్లకు వచ్చే అలసటను ఊపిరి మనకు చెప్పదు. ఈ పూట నేను మాట్లాడేది ఆ చెప్పని అలసట గురించే.

ముందు లెక్కలు చూద్దాం. ఆస్ట్రియా దేశంలో ఆల్ప్స్ కొండల మీద నడకకు పోయి పడినవాళ్ల వివరాలను అక్కడి పర్వత పోలీసులు సంఘటన సంఘటనకూ రాసి పెడతారు. 2006 నుంచి 2014 దాకా తొమ్మిదేళ్ల రికార్డులను పరిశోధకులు తిరగేశారు. అన్నీ కలిపి ఐదు వేలకు పైగా. అందులో నాలుగింట మూడు వంతులు దిగేటప్పుడు పడినవే. ఎక్కినవాడు దిగక తప్పదు, ఎక్కిన దూరమెంతో దిగే దూరమూ అంతే. పైగా దిగడానికి పట్టే సమయం సాధారణంగా తక్కువ. అంటే గంటల లెక్కన చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది. అక్కడ కొందరు తీగల మీద నడిచే పెట్టెల్లో కొండ ఎక్కి, దిగేటప్పుడు మాత్రమే నడుస్తారు, అందుకే దిగుడు లెక్క పెరిగింది అని ఎవరైనా అనవచ్చు. కొంత నిజం ఉండవచ్చు. అయితే అంత పెద్ద తేడాను ఆ ఒక్క కారణమే మోస్తుందని అనుకోవడం కష్టం. తీగల పెట్టెలేవీ లేని ఎవరెస్టునే చూడండి. 1921 నుంచి 2006 వరకు అక్కడ జరిగిన మరణాలను పరిశీలించి 2008లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఎనిమిది వేల మీటర్ల పైకి పోయి చనిపోయినవాళ్లలో సగానికి పైగా శిఖరం తాకి దిగి వస్తూ పోయినవాళ్లే. అక్కడ చలి ఉంది, ప్రాణవాయువు కరువు ఉంది, మన గుట్టలతో దానికి పోలిక లేదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరెస్టుకూ భువనగిరికీ ఒక సంబంధం ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొట్టమొదట రాయి ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి కోట ఉన్న ఆ ఏకశిల మీదనే. రాళ్లెక్కే శిక్షణ ఎక్కడ ఇచ్చినా తాడు మీద దిగడాన్ని వేరే విద్యగా, ఎక్కడమంత శ్రద్ధగా నేర్పుతారు. అదే కోటకు సెలవు రోజున మెట్ల మీదుగా ఎక్కే మామూలు జనానికి మాత్రం దిగడమూ ఒక విద్యేనన్న ఆలోచన రాదు.

ఇక ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. 1952లో ఇంగ్లండులో అబట్, బిగ్లాండ్, రిచీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక తమాషా ప్రయోగం చేశారు. రెండు సైకిళ్లను వీపు వీపు ఆనించినట్టు నిలబెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతారు. రెండోవారు వెనక్కి తిరిగే ఆ పెడళ్లకు కాళ్లతో ఎదురు పట్టి ఆపుతూ ఉంటారు. ఇద్దరి కాళ్ల మీదా పడే బలం ఒక్కటే. కానీ తొక్కేవారు వాడిన ప్రాణవాయువు, ఆపేవారు వాడినదానికి వేగాన్ని బట్టి రెండింతల నుంచి ఐదింతల దాకా ఉంది. ఎక్కడం అంటే తొక్కడం, దిగడం అంటే ఆపడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం బిగుసుకుంటూనే సాగుతుంది. బరువు బండి దిగుడుకు వచ్చినప్పుడు ఎద్దులు కాడిని మెడ మీద వెనక్కి నిలదొక్కుకుంటూ నడిచినట్టు, ఆ కండరం ఒంటి బరువంతా ముందుకు దొర్లకుండా అడుగడుగునా పట్టి ఆపుతుంది. ఈ పనికి ఊపిరి ఖర్చు తక్కువ. అందుకే దిగేవాళ్లు కేకలు వేయగలుగుతారు, కబుర్లు చెప్పుకోగలుగుతారు, పాటలు పాడుకోగలుగుతారు. కానీ సాగుతూ బలం చేసే కండరంలో పనిచేసే పోగులు తక్కువ, ఒక్కో పోగు మీద పడే లాగుడు ఎక్కువ. వాటిలో కంటికి కనబడని చిరుగులు పడతాయి. మరునాటి నుంచి రెండు మూడు రోజులు తొడలు పట్టేసి, కుర్చీలోంచి లేవాలన్నా గోడ పట్టుకోవలసి వచ్చేది ఇందుకే. నొప్పి మరునాటికి గానీ రాదు. కండరం బలం తగ్గడం మాత్రం అక్కడికక్కడే, దిగుతుండగానే మొదలవుతుంది. అలసిన కండరానికి ఇంకో లోపం కూడా వస్తుంది. మోకాలు ఎంత వంగి ఉంది, మడమ ఏ వైపు వాలి ఉంది అనే వార్తను అది మెదడుకు సరిగా పంపలేదు. బండ మీద పెట్టాననుకున్న పాదం రెండు వేళ్ల దూరం తప్పుతుంది. అంత తప్పు చాలు మనిషి పడడానికి.

మన ప్రాంతంలో ఇలాంటి దారులు రెండు రకాలు. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు, భువనగిరి కోట, దేవరకొండ కోట, అమ్మాపూర్ కురుమూర్తి గుట్ట, ఇవన్నీ ముందు ఎక్కి తర్వాత దిగేవి. సలేశ్వరం, లొద్ది మల్లయ్య, మల్లెల తీర్థం ముందు దిగి తర్వాత ఎక్కేవి. మొదటి రకంలో అలసిన కాళ్లతో దిగుతాం. చెరువుగట్టు మీద అమావాస్య రాత్రి నిద్ర చేసి, నిద్ర సరిగా పట్టక, ఖాళీ కడుపుతో తెల్లవారుజామున దిగేవాళ్లను తలుచుకోండి. పైన మూడు గుండ్ల సందులోంచి ఒళ్లు ఒంచుకొని దూరి వచ్చినప్పుడు ఉన్న జాగ్రత్త, మామూలు మెట్ల మీదికి రాగానే పోతుంది. రెండో రకంలో చిక్కు ఇంకో విధంగా ఉంటుంది. తాజా కాళ్లతో, ఉత్సాహంతో, ఊపిరి ఆడుతోంది కదా అన్న ధీమాతో చకచకా దిగేస్తాం. తొడల్లోని సత్తువ దిగుడులోనే కరిగిపోయిందన్న సంగతి గుండం దగ్గర నీళ్లు తలమీద చల్లుకొని వెనక్కి తిరిగేదాకా తెలియదు. అప్పటికి ఎండ నడినెత్తిన ఉంటుంది, ఎదురుగా ఐదు కిలోమీటర్ల ఎక్కుడు ఉంటుంది, అందులోనూ మధ్యమధ్య చిన్న చిన్న దిగుళ్లు తగులుతాయి. దాటివచ్చాం అనుకున్న ఆ చిన్న దిగుళ్లలోనే వణికే మోకాళ్లు మోసం చేస్తాయి.

నేల సంగతి కూడా కొంచెం దగ్గరగా చూద్దాం. నల్లమల ఆకు రాల్చే అడవి. చైత్రం నాటికి దారి నిండా ఎండుటాకు పరుచుకొని ఉంటుంది. ఆకు కింద పలకరాళ్లు, పలకల మీద గోలీల లాంటి గులకరాళ్లు. దిగేవాడు మడమ ముందుగా ఆనిస్తూ బారెడు అడుగు వేస్తాడు. ఒంటి బరువు ఇంకా వెనుక కాలి మీదనే ఉండగా ముందు మడమ ఆకు మీద పడుతుంది, కింద గులకరాయి దొర్లుతుంది, కాలు ముందుకు సర్రున పోతుంది, మనిషి వెనక్కి కూలబడి అరచేతిని నేలకు ఆనిస్తాడు. మణికట్టు విరిగేది అక్కడే. అదే చోట అడుగు పొట్టిగా వేసి, మోకాలు కొంచెం వంచి, పాదాన్ని మొత్తంగా ఒంటి కిందనే దించితే రాయి దొర్లినా బరువు పాదం మీదనే ఉంటుంది కాబట్టి రెండో కాలు అందుకుంటుంది. తేడా అంతా జానెడు అడుగులో ఉంది. ఇరుకు చోట్ల ఇంకో సమస్య. ఒక పక్క గుట్ట, ఒక పక్క లోయ, మధ్య ఒకరు పట్టే దారి, రెండు వైపుల నుంచీ జనం. ఎదురుపడినప్పుడు దిగేవాళ్లు ఆగాలి, అదీ గుట్ట వైపుకు ఒదిగి ఆగాలి. ఎక్కేవాడికి చూపు కాళ్ల ముందే ఉంటుంది, బరువు నేల వైపు వాలి ఉంటుంది, వాడు నిదానంగా దాటుకోగలడు. దిగేవాడు నడుస్తూనే పక్కకు తప్పుకోబోతే అడుగు లోయ వైపు పడుతుంది. తొలి ఏకాదశికి లొద్ది మల్లయ్య దగ్గరికి పోయేవాళ్లకు ఎండుటాకు బదులు తడి బండ ఎదురవుతుంది. మల్లెల తీర్థం జలపాతం కిందా అంతే. పాకుడు పట్టిన బండ మీద ఎంత మంచి బూటయినా నిలవదు. అక్కడ చేయగలిగింది ఒక్కటే, ఆ బండ ఎక్కకపోవడం. ఫోటో కోసమైనా సరే.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. మా తాతలు ఉత్త కాళ్లతో ఉమామహేశ్వరం మీదుగా శ్రీశైలం దాకా నడిచి పోయి వచ్చారు, వాళ్లకు ఈ లెక్కలూ ఈ కండరాల కథలూ తెలుసా అని. తెలియవు. వాళ్లకు అవసరం కూడా లేదు. ఎందుకంటే వాళ్ల కాళ్లు రోజూ చేను గట్లు దిగిన కాళ్లు, బావి మెట్లు దిగి కడవతో ఎక్కిన కాళ్లు. సాగుతూ బలం చేసే పనికి కండరం ఒకసారి అలవాటు పడితే, తర్వాత కొన్ని వారాల పాటు అదే పని దాన్ని అంతగా దెబ్బతీయదు. దీన్ని ప్రయోగశాలల్లో పదే పదే చూశారు. ఒక్కసారి దిగి వచ్చినా చాలు, రెండోసారికి నొప్పీ తగ్గుతుంది, బలం తగ్గడమూ తగ్గుతుంది. ఈ అలవాటు తాతల నుంచి వారసత్వంగా రాదు, ఎవరి కాళ్లకు వాళ్లే చేయించుకోవాలి. చెంచుల నడక చూసినా ఇదే తెలుస్తుంది. వాళ్లు ఆ లొద్దిలో అవలీలగా తిరుగుతారు గనుక మనమూ తిరగవచ్చు అనుకోవడం తప్పు లెక్క. వాళ్లకది ఒక పెంట నుంచి, అంటే ఒక గూడెం నుంచి, ఇంకో పెంటకు పోయే రోజువారీ దారి. పట్నంలో లిఫ్టులో ఎక్కి దిగుతూ, ఏడాదికి ఒకసారి జాతరకు వచ్చే మనకు ఆ దారి ఎప్పటికప్పుడు కొత్తదే. అందుకని పండుగకు రెండు మూడు వారాల ముందే కాళ్లకు దిగుడు రుచి చూపించాలి. ఊరి పక్కన గుట్ట ఉంటే గుట్ట, లేకపోతే నాలుగు అంతస్తుల మెట్లు. వారానికి రెండుసార్లు, నిదానంగా దిగడం. చదును రోడ్డు మీద పొద్దున్నే ఎంత నడిచినా ఈ పనికి అది సరిపోదు, ఎందుకంటే చదును నేల మీద తొడకు ఆపే పని దాదాపు ఉండదు. రోజూ నడుస్తాం కదా అని ధీమాగా వచ్చి దిగుడులో కూలబడే నడివయసువాళ్ల సంగతి ఇదే.

చేతికర్ర విషయంలో మనవాళ్లకు కొంచెం నామోషీ. ముసలివాళ్లు పట్టుకునేది అని. కానీ 1999లో ఆస్ట్రియాలోనే జరిగిన ఒక పరిశోధనలో, వాలు తలం మీద రెండు చేతికర్రలతో దిగినవాళ్ల మోకాళ్ల మీద పడే భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గింది. వాళ్లు వాడినవి ఖరీదైన లోహపు కర్రలు, అవి మనకెక్కడివి అనే ప్రశ్న వస్తుంది. గట్టి వెదురు కర్ర ఆ పని చేస్తుంది. రెండు లేకపోతే ఒకటి, భుజం దాకా వచ్చేది, దిగేటప్పుడు అడుగు కంటే ముందు కర్రను కింద ఆనించి, తర్వాత కాలు దించాలి. అయితే ఆ కర్రను దారిలో చెట్టు విరిచి తీసుకోకండి, అది అభయారణ్యం. ఇంటి నుంచే తెచ్చుకోవాలి. చెప్పుల సంగతి చెప్పేముందు ఒక పక్కమాట. కురుమూర్తి జాతరలో అసలు సంబరం ఉద్దాల ఉత్సవం. స్వామి పాదాలకు వడ్డెమాన్‌లో చేసిన కొత్త ఉద్దాలను ఊరేగించి గుట్టకు తెస్తారు. దేవుడికే కొత్త పాదరక్షలు పట్టుకుపోయే పాలమూరులో, ఆ దేవుణ్ణి చూడబోయే మనుషులు అరిగిన రబ్బరు చెప్పులు ఫటఫటలాడించుకుంటూ పోవడం విచిత్రమే. మొక్కుకొని ఉత్త కాళ్లతో నడిచేవాళ్లను నేను ఆక్షేపించను. అలవాటున్న ఉత్త పాదం బండను బాగానే పట్టుకుంటుంది. అసలు ప్రమాదం ఉత్త పాదానికీ మంచి బూటుకూ మధ్యలో ఉన్న వదులు చెప్పుది. దిగేటప్పుడు పాదం అందులోంచి ముందుకు జారుతుంది, చెప్పు ఒక పక్కకు తిరుగుతుంది, మడమ మెలిపడుతుంది. వెనక పట్టీ ఉన్న చెప్పు, లేదా అడుగున గాడులు అరగని బూటు వేసుకోవాలి, అది ఎంత చవకదైనా సరే. కొత్త బూటును మాత్రం జాతర రోజున మొదటిసారి తొడగకూడదు. బొబ్బ లేచిన మడమ మనిషిని వంకరగా నడిపిస్తుంది, వంకర నడక పడవేస్తుంది. కళ్లద్దాల సంగతి చాలామందికి తట్టదు. పైన దూరం చూపు, కింద చదువు చూపు ఉన్న అద్దాలతో మెట్లు దిగేటప్పుడు కాలి దగ్గరి మెట్టు కింది భాగంలోంచి మసకగా కనిపిస్తుంది. 2002లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక అధ్యయనం అలాంటి అద్దాలు పెట్టుకునే పెద్దవాళ్లు పడిపోయే అవకాశం రెట్టింపుకు పైగా ఉందని తేల్చింది. పెద్దవాళ్లు దూరం చూపు అద్దాలు ఒక జత విడిగా తెచ్చుకుంటే మంచిది.

మెట్లు కట్టి, ఇనుప కమ్మీలు పాతితే గొడవ తీరుతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. కొంతవరకు తీరుతుంది. 14వ శతాబ్దంలోనే ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ యాత్రికుల కోసం మెట్లు కట్టించాడు. దారి బాగుచేయడం పాలకుల బాధ్యత అన్న తెలివి మనకు కొత్తగా రాలేదు. చేత్తో పట్టుకోవడానికి కమ్మీ ఉంటే కాలు తప్పినా చెయ్యి కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ మెట్టు దిగడం కూడా దిగడమే, తొడకు ఆపే పని తప్పదు. పైగా ఒక మెట్టు ఎత్తు, ఒక మెట్టు పొట్టి అయితే వాలు నేల కంటే అదే ప్రమాదం, ఎందుకంటే రెండు మెట్లు దిగేసరికి కాలు మూడో మెట్టు ఎత్తును తనంతట తానే ఊహించుకుంటుంది. అరిగి నునుపు దేరిన పాత మెట్లూ, వానకు తడిసిన భువనగిరి బండ మీది మెట్లూ ఇదే కోవ. సలేశ్వరం లాంటి చోట మెట్లూ రోడ్లూ వేయడానికి వేరే అడ్డు కూడా ఉంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఆ అభయారణ్యం పులి కోసం కేటాయించింది. కొద్ది రోజుల జాతర కోసం దాని గుండెలో సిమెంటు పోయమనడం నాకు న్యాయంగా తోచదు. కడ్డీలు వేయగల చోట వేయాలి, తాళ్లు కట్టగల ఇరుకుల్లో జాతర వరకు తాళ్లు కట్టాలి. మిగతాది నడిచేవాళ్ల కాళ్లలోనే ఉంది.

ఇంకొక ఆక్షేపణ నిజంగా బరువైనది. నిదానంగా దిగమంటున్నారు, నిదానమైతే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే ఎండో చీకటో మీద పడుతుంది, అది ఇంకో ప్రమాదం కాదా? కచ్చితంగా ప్రమాదమే. తప్పు మాత్రం నిదానంలో లేదు, బయలుదేరే ముందు వేసుకునే లెక్కలో ఉంది. 1892లో స్కాట్లండుకు చెందిన నైస్మిత్ అనే కొండలెక్కే ఆసామి ఒక సూత్రం చెప్పాడు. మూడు మైళ్లకు గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. ఈనాటికీ చాలామంది ఆ సూత్రాన్ని వాడుతారు. అందులో దిగుడుకు ఒక్క నిమిషం కూడా కేటాయించలేదు. తర్వాత లాంగ్మ్యూర్ అనే ఆయన దాన్ని సవరించి, నిటారు దిగుడులో ప్రతి 300 మీటర్లకు పది నిమిషాలు అదనంగా కలపమన్నాడు. కొండల్లోనే బతికినవాళ్లు కూడా మొదట మరిచిపోయింది దిగుడునే అన్నమాట. మన జాతరల్లో గుంపులు, ఇరుకులు, పిల్లలు, పెద్దలు కలిసి ఉంటారు కాబట్టి ఆ పది నిమిషాలు కూడా చాలవు. దిగడానికి ఎక్కడానికి పట్టినంత సమయం పడుతుందని లెక్క వేసుకొని, తెల్లవారగానే బయలుదేరి, ఏ గంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ముందే అనుకొని పోవాలి. దర్శనం కాకపోయినా తిరగాలా అంటే, తిరగాలి. సలేశ్వరంలో ఎండ వేళకు గుండం దగ్గర ఉండడం కంటే నీడ ఉండగానే పైకి రావడం మేలు. చైత్రపు ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గితే కళ్లు తిరుగుతాయి, కళ్లు తిరిగినవాడు చదును నేల మీదా పడతాడు. నీళ్లతో పాటు ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణం తాగుతూ ఉండాలి. నీళ్ల సీసాలు చేతుల్లో కాకుండా వీపున ఉండాలి. చంకన బిడ్డను ఎత్తుకున్న తల్లికి తన పాదం కనబడదు కనుక దిగుడులో బిడ్డను వీపుకు కట్టుకోవడమో, ముందు నడిచేవాళ్లకు ఇవ్వడమో చేయాలి.

భక్తి విషయంలో నేను ఎక్కువ మాట్లాడను. ఆయన పిలిస్తే వచ్చాం, ఆయనే చూసుకుంటాడు అనే మాటలో ధైర్యం ఉంది, ఆ ధైర్యమే చాలామందిని ఆ దారి నడిపిస్తుంది. కానీ 2023 ఏప్రిల్‌లో సలేశ్వరం జాతరలో విపరీతమైన రద్దీ మధ్య భక్తుల ప్రాణాలు పోయాయి. వాళ్ల భక్తి మిగతావాళ్ల భక్తి కంటే తక్కువదని ఎవరూ అనలేరు. పడిపోవడం కూడా చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోయి చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. అయినా రోడ్డు ప్రమాదం అంటే ఉలిక్కిపడే మనం, పడిపోవడం అంటే నవ్వుకుంటాం.

ఇన్ని చేసినా ఎవరో ఒకరు పడతారు. అప్పుడు మన దగ్గర జరిగే మొదటి పని కాలు పట్టి లాగడం. మెలిపడిన మడమను లాగి, నూనె పోసి తోమి, లే లే అని నిలబెడతారు. నరం సర్దుకుంటుందని నమ్మకం. లోపల సాగిన కీలు బంధాన్ని ఇంకా సాగదీయడం తప్ప దానివల్ల జరిగే మేలు లేదు. విరిగిన ఎముక ఉంటే సంగతి చెప్పనక్కర్లేదు. పడినవాణ్ణి కూర్చోబెట్టి, కాలు ఎత్తులో పెట్టి, తడిగుడ్డ చుట్టి, కాసేపు ఆగండి. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు ఒక సులువైన పరీక్ష చెప్పారు, ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బుగా ఉండే ఎముకల వెనుక అంచున, చివరన నొక్కితే నొప్పి ఉందా, మనిషి నాలుగు అడుగులు వేయగలుగుతున్నాడా? నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్-రే తీయించాలి. అలాంటివాణ్ణి నడిపించకూడదు, డోలీ కట్టి మోయాలి. తల తగిలి మత్తుగా ఉన్నా, వాంతి చేసుకున్నా, మెడ నొప్పి అన్నా అనుభవం ఉన్నవాళ్లు వచ్చేదాకా కదిలించకూడదు. లొద్దిలో ఫోన్ మీద నమ్మకం పెట్టుకోలేం, 108 వచ్చేది బండి పోయే దారి దాకానే. కనుక గుంపులో ఇద్దరు పడినవాడి దగ్గర ఉండాలి, ఇద్దరు పైకి పోయి కబురు చెప్పాలి. ఐదుగురికి తక్కువైతే ఆ లొద్దిలోకి దిగకపోవడమే నయం అని నా అభిప్రాయం.

చివరగా జాతరలు నిర్వహించే అధికారులకూ, ఆలయ కమిటీలకూ, వైద్య శిబిరాలు పెట్టే వాళ్లకూ ఒక సూచన. ఆస్ట్రియా లెక్కలు మనకు దొరికింది అక్కడివాళ్లు మనకంటే తెలివైనవాళ్లు కావడం వల్ల కాదు, అక్కడి పోలీసు ఒక గడిలో 'దిగుతుండగా' అని టిక్కు పెట్టడం వల్ల. చెరువుగట్టు మీద, కురుమూర్తి మీద, సలేశ్వరంలో కట్టు కట్టించుకున్న ప్రతివాడి పేరూ ఊరూ శిబిరం రిజిస్టరులో ఎలాగూ రాస్తారు. దాని పక్కన ఇంకో మూడు గడులు గీయండి: ఎక్కుతూనా దిగుతూనా, ఎన్ని గంటలకు, దారిలో ఏ చోట. నాలుగు జాతరలు గడిచేసరికి తాడు ఏ మలుపు దగ్గర కట్టాలో, మంచినీళ్ల పందిరి ఎక్కడ వేయాలో, పొద్దున ఏ గంట తర్వాత దిగువకు జనాన్ని వదలకూడదో ఆ రిజిస్టరే చూపిస్తుంది. ఖర్చు ఒక స్కేలు, ఒక పెన్ను.